సంగటి హోటలు వెనక బోరు పాయింటు

1998 ఏప్రిల్‌లో నన్ను మదనపల్లె భూగర్భజల సర్వే విభాగంలో సహాయ జియోఫిజిసిస్టుగా వేశారు. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. పుంగనూరు నుంచి కుప్పం దాకా బోరు పాయింట్లు చూడటం నా పని. జీపులో రెసిస్టివిటీ మీటరు, తీగచుట్టలు, ఇనుప మేకులు, సుత్తులు ఉండేవి. డ్రైవరు కాక ఇద్దరు సహాయకులు.

పుంగనూరు శివారులో మునెప్ప, రెడ్డెమ్మ దంపతులు నడిపే సంగటి హోటల్లో మధ్యాహ్నం భోంచేసేవాళ్లం. ఒక రోజు విస్తరాకులో పొగలు కక్కే రాగి సంగటి ముద్ద, దాని మధ్య గుంటలో నెయ్యి, పక్కన చెనిక్కాయలతో నూరిన ఊరిబిండి, ఉలవచారు, వేయించిన ఊరమిరపకాయలు, చివర చిక్కటి మజ్జిగ. సంగటిని నమలకూడదు, చారులో ముంచి మింగాలి. వేడి ముద్ద తగిలి ఆకు వాసన వస్తుంటే మామూలు కంటే ఒక ముద్ద ఎక్కువే తిన్నాను. పాత పద్ధతిలో ఆకుల్లో పెట్టడం బాగుందని రెడ్డెమ్మతో అన్నాను.

"బాగుంటే ఇంకో ముద్ద ఏసుకో అప్పా. నీళ్లుంటే స్టీలు తట్టల్లోనే పెడతాము. కడిగేదానికి నీళ్లు యాడుండాయి?" అంది.

వాళ్ల పాత బోరు ఎండిపోయింది. కొత్తది వేయడానికి మునెప్ప తనకున్న రెండు ఆవుల్నీ అమ్మకానికి పెట్టాడు. మరుసటి రోజు సాయంత్రం బేరగాడు వస్తాడు, ఆ వెనకే బోరు లారీ. పాయింటు వంటింటి వెనకేనని ముందే తేలిపోయింది.

"టెంకాయతో నీళ్లు సూసే ఆయప్ప సూపించినాడు సార్. అరచేతిలో కాయ లేసి నిలబడింది. నేనే సూసినా," అన్నాడు మునెప్ప.

"మీ అన్న తోటలో కూడా లేసి నిలబడింది. ఆడ దుమ్ము తప్ప ఏమొచ్చింది?" అంది రెడ్డెమ్మ. నావైపు తిరిగి, "నువ్వూ ఒకసారి సూడప్పా," అంది.

అర్జీ రాయించుకుని మరుసటి ఉదయం లైను వేశాం. నాలుగు మేకులు ఒకే వరుసలో దిగ్గొడతాం. బయటి రెండింటి ద్వారా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తాం. బయటి మేకుల్ని దూరం జరిపేకొద్దీ మరింత లోతు సంగతి తెలుస్తుంది. నీరున్న పగుళ్లు తగిలితే నిరోధం తగ్గాలి. అక్కడ పైపొర దాటాక అది పెరుగుతూనే పోయింది. దిక్కు మార్చి మళ్లీ చూశాం. కింద అంతా గట్టి రాయే.

నియమం ప్రకారం ఫలితం నేను చెప్పకూడదు. పై అధికారి సంతకంతో రిపోర్టు పోస్టులో వెళ్తుంది, దానికి కొన్ని రోజులు పడుతుంది. ఆవులు ఆ సాయంత్రమే పోతాయి. ఎస్‌టీడీ బూత్ నుంచి మదనపల్లెకు ఫోన్ చేసి రీడింగులన్నీ చదివాను. మా అధికారి ఒకటి రెండు ప్రశ్నలు వేసి, చెప్పెయ్యమన్నారు. హోటలుకు తిరిగి వచ్చి, అక్కడ నీళ్లు లేవని చెప్పాను.

"లేదని చెప్పేదానికి ఇన్ని తీగలు యాల సార్?" అన్నాడు మునెప్ప.

గ్రాఫు కాగితం బల్లమీద పరిచి, నీరుంటే గీత ఎలా కిందికి వంగాలో వేలితో చూపించాను. అతను దాన్ని చాలాసేపు చూశాడు. రెడ్డెమ్మ గీత వైపే చూడలేదు. "ఆవుల్ని తోలుకపోయే ఆయప్పను రావద్దని చెప్పిరా, పో," అంది. చివరికి అతను సైకిలు తీశాడు.

ఆ వేసవంతా పల్లంలోని ఒక రైతు బావి నుంచి డ్రమ్ముల్లో నీళ్లు తెచ్చుకుని హోటలు నడిపారు. మునెప్ప నాతో ముభావంగానే ఉండేవాడు.

నీళ్లు లేవన్నదీ సర్వే ఫలితమే. అది బోరు లారీ కంటే ముందు చేరకపోతే పనికిరాదు. ఆ తర్వాత సర్వీసంతా పై అధికారి అనుమతి అక్కడికక్కడే తీసుకుని, కారణంతో సహా రైతుకు ఎదురుగానే చెప్పాను. రిపోర్టు వెనకాల వెళ్లేది.