బాక్సు పక్కన నా కుర్చీ

హైదరాబాద్ గౌలిపురలో మా అమ్మవాళ్లది పాలమ్మే ఇల్లు. పెళ్లయ్యాక కూడా అదే గల్లీలో నాలుగిళ్ల అవతల కాపురం పెట్టాను కాబట్టి, రోజూ తెల్లారగానే గిన్నె పట్టుకుని వెళ్లి బర్రె దగ్గర నిలబడేదాన్ని. వినాయక చవితి పందిట్లో ఆర్కెస్ట్రా జరిగిన మర్నాడు కూడా అలాగే వెళ్లాను. అమ్మ పితుకుతోంది. బకెట్లో ధార పడుతోంది, నురగ లేస్తోంది, దిమ్మెక్కిన నా చెవులకు చప్పుడు మాత్రం లేదు. అది నేను పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు. దాని బదులు నా కుడి చెవిలో కీచురాయి ఒకటి ఆగకుండా అరుస్తోంది.

ఇది ఈ ఎనభైల మొదట్లో, రెండు మూడేళ్ల కిందటి మాట. నా పేరు అండాలు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఊరికీ ఊరికీ మధ్య ట్రంకు కాల్స్ కలిపే ఆపరేటర్ని. మా వంశంలో సర్కారు జీతం తీసుకున్న మొదటి ఆడపిల్లను నేనే. మా అమ్మ ఈ సంగతి పాలు కొనేవాళ్లకు చెప్పేది, కొననివాళ్లకూ చెప్పేది. నా అన్నం నా చెవిలో ఉందన్నమాట. మా ఆయన కిష్టయ్య పగలు బస్సుల వర్క్‌షాపులో రేకులు సరిచేసేవారు. సాయంత్రాలు ఒక ఆర్కెస్ట్రాకు మైకు సెట్టు నడిపేవారు.

ఆ ఏడు ఆయన రెండు కొత్త బాక్సులు చేయించారు. ఒక్కొక్కటి మా వంటింటి తలుపంత ఎత్తు. వడ్రంగి దగ్గర కూర్చుని చెక్క కోయించి, లోపల స్పీకర్లు తానే బిగించుకున్నారు. చవితి పందిట్లో పొద్దుగూకే వేళకు స్టేజీ కింద చెరో పక్కన నిలబెట్టారు. మా దగ్గర ఒక రివాజు ఉంది. ప్రోగ్రాం చేసేవాళ్ల ఇంటి ఆడవాళ్లకు మర్యాదగా ముందు కుర్చీ వేస్తారు. పాటగాళ్ల భార్యలకు స్టేజీ ఎదురుగా, మైకు సెట్టాయన భార్యకు ఆయన బాక్సు పక్కన. ఆ కుర్చీ మీద నాకు మస్తు గర్వం. పెళ్లయిన ఏడేళ్లుగా ఏ ప్రోగ్రాంలోనూ దాన్ని ఖాళీగా ఉంచలేదు.

మొదటి దెబ్బ పడగానే నా గాజులు వాటంతటవే గలగలమన్నాయి. కుర్చీ కింద పెట్టుకున్న చెంబులో నీళ్లు వణికాయి. పాట చెవి నుంచి కాదు, పక్కటెముకల మధ్య నుంచి లోపలికి వచ్చింది. నేను నిజంగానే చేతులు జోడించాను. గుళ్లో కూడా అంత భయం, అంత భక్తి నాకు ఎప్పుడూ కలగలేదు. వెనక కూర్చున్న పక్కింటి మల్లమ్మత్త నా భుజం పట్టుకుని ఊపింది.

"నీ మొగుడు పిడుగును వట్టి డబ్బల వెట్టిండే అండాలూ!"

మూడో పాటకు చెవిలో సూది దిగినట్టు నొప్పి మొదలైంది. చెవులు మూసుకుందామంటే ఆయన చూస్తున్నారు. లేచి వెనక్కి పోదామంటే అందరూ చూస్తున్నారు. సొంత మొగుడి సౌండుకు పెండ్లాం చెవులు మూసుకుంటే రేపు గల్లీలో తలెత్తుకోగలమా? కొంగు అంచు పళ్ల మధ్య పెట్టుకుని నవ్వుతూ కూర్చున్నాను. చివరి పాట వరకూ కూర్చున్నాను.

పాల చప్పుడు వినిపించలేదని చెప్పగానే అమ్మ తేల్చేసింది. "దిష్టి తాకింది బిడ్డా. ముంగట కూసున్నవు గద, అందరి కండ్లు నీ మీదనే." మా ఇంట్లో ఏ జబ్బుకైనా మందు బర్రె దగ్గరే దొరుకుతుంది. అప్పుడే పితికిన గుమ్మపాలు, ఆ వేడి తగ్గకముందే, నా చెవిలో పోసింది. మా అమ్మమ్మ ఆమెకు పోసిందట, ఆమెకు ఆమె అమ్మ పోసిందట. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, నాలుగు రోజులు. నేను చదువుకున్నదాన్నే, అయినా తల వంచి పోయించుకున్నాను.

ఐదో రోజుకు చెవి లోపల దురద, వాపు, వాసన. అప్పుడు దవాఖానకు వెళ్లాను. చెవి డాక్టరు గారు నెరిసిన జుట్టు మనిషి. నుదుటి మీద గుండ్రటి అద్దం పెట్టుకుని లోపలికి చూశారు.

"ఏం పోసినవమ్మా దీన్ల?"

"పాలు సార్."

"తోడు గూడ ఏసినవా? లోపల పెరుగు అయితున్నది." తర్వాత నవ్వు ఆపి చెప్పారు. "ఫంగస్ పట్టింది. క్లీన్ చేస్త. పది రోజులు నీళ్లు గూడ తగలొద్దు. పాలు తాగు, చెవుల పోయకు."

చెవి ఆరింది. దురద పోయింది. పాలు పోయడం వల్లే ఇదంతా, ఇక వినిపిస్తుందని నేను సంబరపడ్డాను. కీచురాయి మాత్రం కదలలేదు. ఎక్స్ఛేంజీలో హెడ్‌సెట్ పెట్టుకుంటే అవతలి మనిషి గొంతు వినిపిస్తోంది, మాట విడిపోవడం లేదు. బొంబాయి నుంచి అడిగిన నంబరు ఒకటికి మూడుసార్లు చెప్పించుకుంటున్నాను. ఎవరికీ తెలియకుండా హెడ్‌సెట్‌ను ఎడమ చెవికి మార్చాను. కుడిచేతి మీదుగా వైరు అడ్డం వచ్చేది. అయినా ఓర్చుకున్నాను.

మళ్లీ డాక్టరు గారి దగ్గరికి వెళితే ట్యూనింగ్ ఫోర్క్ మోగించి ఒకసారి చెవి వెనక ఎముకకు ఆనించారు, ఒకసారి చెవి ముందు పెట్టారు. తర్వాత ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయించమన్నారు. దాని కోసం ఒక చిన్న గది ఉంది. గోడలకు మెత్తటి అట్టలు, మందపాటి తలుపు, ఎదురుగా అద్దం కిటికీ. తలుపు మూయగానే హైదరాబాద్ మొత్తం మాయమైంది. రిక్షాలు, అజాన్, పాల క్యాన్లు, ఏమీ లేవు. అంత నిశ్శబ్దం ఒకటి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. అందులో నేనూ నా కీచురాయీ మాత్రమే మిగిలాం. చప్పుడు వినిపించినప్పుడల్లా వేలు ఎత్తమన్నారు. సన్నటి కూతలు ఎక్కడో దూరం నుంచి వచ్చేవి. కొన్ని నిజంగా వచ్చాయో, నేను కోరుకుంటే వచ్చాయో చెప్పలేను.

కాగితం మీద గీత కొంతదూరం తిన్నగా నడిచి, కుడివైపు గభాలున గుంటలో పడింది. డాక్టరు గారు ఆ గుంట మీద పెన్ను పెట్టారు. "సన్న స్వరాల కాడ, నాలుగు వేల దగ్గర నాచ్ ఉన్నది చూడు. ఇది చప్పుడు చేసిన పని, లోపల నరం దెబ్బ తిన్నది. నర్వ్ డెఫ్‌నెస్ అంటరు. నువ్వు ఎక్కడ కూసుంటవ్?"

కుర్చీ సంగతి, మల్లమ్మత్త అన్న పిడుగు మాటతో సహా చెప్పాను. ఆయన బల్ల మీద ఉన్న చెవి బొమ్మను విప్పి చూపించారు. లోపల నత్తగుల్లలాంటిది ఒకటి. దాన్ని కాక్లియా అంటారట. అసలుది శెనగ గింజంతే ఉంటుందట. అందులో వెంట్రుకల్లాంటి మొనలున్న వేలకొద్దీ హెయిర్ సెల్స్, ఒక్కో వరుస ఒక్కో స్వరాన్ని పట్టుకుంటుందట. నేను కూర్చునే ఎక్స్ఛేంజీలో అన్ని గదులు, అంతమంది ఆపరేటర్లు, అన్ని వైర్లు. దేవుడు అంతకన్నా పెద్ద ఎక్స్ఛేంజీని శెనగ గింజలో పెట్టాడు. నేను దాన్ని తలలో పెట్టుకుని పోయి బాక్సు పక్కన కూర్చోబెట్టాను. నాకు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు, ఆ బొమ్మను చూసి.

"మీది బర్ల ఇల్లే గద? గడ్డిని బర్లు తొక్కితే ఏమైతది?" అని అడిగారు.

"రెండ్రోజులకు లేస్తది సార్."

"రోజూ తొక్కితే?"

"లేవది."

"అంతే. దీనికి పెద్దగ మందు లేదమ్మా. గోళీలు రాస్త. కానీ చప్పుడుకు దూరం ఉండుడే అసలు మందు."

ఆ మందు నేను నెల రోజులే వాడగలిగాను. బార్కస్‌లో ఒక పెళ్లికి ఆర్కెస్ట్రా కుదిరింది. పట్టపగలే ప్రోగ్రాం. "నువ్వు పక్కన లేకుంటే నాకు చేతులు ఆడయి అండాలూ. దూది పెట్టుకొని కూసో," అన్నారు మా ఆయన. ఆ మాటకు కరిగి వెళ్లాను. వాకిట్లో అరబ్బుల మర్ఫా డప్పులు, లోపల మా బాక్సులు. అక్కడి మర్ఫా వింటే చచ్చినవాడు కూడా లేచి అడుగు వేస్తాడు. నా ఒళ్లు పులకరించిన మాట నిజం. దూది మాత్రం ఏ మూలకూ సరిపోలేదు. మర్నాడు రెండు చెవులూ గుయ్యిమంటున్నాయి. ఎక్స్ఛేంజీలో ఒక గంటలో నాలుగు కాల్స్ తప్పు చోట కలిపాను.

మా సూపర్‌వైజర్ మేడమ్ నన్ను పక్కకు పిలిచారు. "ఎడమ చెవికి మార్చుకున్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. రెండు నెలలు టైమిస్తున్నాను. చెవులు బాగున్నాయని డాక్టర్ సర్టిఫికెట్ తీసుకురా. లేకపోతే రిపోర్టు రాయక తప్పదు నాకు." ఆమె కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద లొల్లి. "నీ సౌండు నా నౌకరీ తింటున్నది" అన్నాను నేను. "పదేండ్ల సంది దాని పక్కనే నిలవడ్డ నాకేం గాలె, కూసున్న నీకే అయిందా?" అన్నారాయన.  నిజమే కదా అనిపించింది. నా చెవులే నాజూకువేమో అనుకున్నాను.

రెండు నెలలు చప్పుడుకు ఆమడ దూరంలో బతికాను. పెళ్లి బాజా వస్తుంటే గల్లీ మార్చి నడిచాను. గడువు ముగిసే వారం రెండో ఆడియోగ్రామ్‌కు మా ఆయన కూడా తోడు వచ్చారు. నా వంతు అయ్యాక డాక్టరు గారు ఆయన వైపు తిరిగారు.

"నువ్వేనా పిడుగులోనివి? నువ్వు గూడ కూసో."

"నాకేమైంది సార్, నాకు మంచిగనే ఇనవడ్తది."

"మంచిగుంటే ఫికర్ ఏంది? కూసో."

ఆయన నవ్వుతూ లోపలికి వెళ్లారు. నేను బయట, పరీక్ష చేసే అమ్మాయి పక్కన నిలబడి అద్దంలోంచి చూస్తున్నాను. ఆమె బటన్ నొక్కింది. ఆయన వేలు ఎత్తారు. ఇంకో స్వరానికి మార్చి నొక్కింది. ఎత్తారు. మళ్లీ నొక్కింది. వేలు లేవలేదు. చప్పుడు పెంచే మర తిప్పి నొక్కింది. లేవలేదు. ఇంకా పెంచింది. మా ఆయన వేలు సిద్ధంగా పెట్టుకుని, చెవి కొంచెం ముందుకు వంచి, అద్దంలోంచి నన్నే చూస్తూ నవ్వుతున్నారు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుంటున్నారు. ఆ నవ్వు నేను ఈ జన్మలో మరిచిపోలేను.

డాక్టరు గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. నాది గుంట. సగం పూడింది. ఆయనది గుంట కాదు, రెండు చెవులకూ అగాధం.

"కిష్టయ్యా, పగలు వర్క్‌షాపుల సుత్తి, పొద్దుమీకి బాక్సు. నువ్వు ఏటేటా సౌండు ఎందుకు పెంచుతున్నవో ఎరుకేనా? జనానికి చాల్తలేదని కాదు. నీకు ఇనవడ్తలేదని."

మా ఆయన తన కాగితం మీది గీత వెంట వేలు నడిపారు. నాకు మాత్రం ఏడేళ్లూ కళ్ల ముందు తిరిగాయి. "తాళాల మోత తేటగ లేదు, ఇంకింత పెంచాలె" అని ప్రతి ప్రోగ్రాంలో అనేవారు. అందుకే మొదట ఒక బాక్సు, తర్వాత రెండు, తర్వాత తలుపంత బాక్సులు. నేను చేతులు జోడించి మొక్కిన ఆ పిడుగు, తన పాట తనకు దొరకని మనిషి చేసుకున్న వెతుకులాట. కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. దవాఖాన మెట్ల మీద ఆయన చెయ్యి పట్టుకున్నాను. గౌలిపుర ఆడది మొగుడి చెయ్యి బజార్లో పట్టుకోదు. నేను పట్టుకున్నాను.

ఫోను పనికి ఈ వినికిడి చాలునని నాకు సర్టిఫికెట్ వచ్చింది. అదే కుర్చీలో, అదే బోర్డు ముందు కాల్స్ కలుపుతున్నాను. కీచురాయి పోలేదు. దాన్ని టినిటస్ అంటారని, ఉంటే ఉండనిమ్మని డాక్టరు గారు చెప్పారు. ఉండనిచ్చాను.

ఆర్కెస్ట్రా కూడా ఆగలేదు. మరుసటి చవితికి నేను పందిరి చివర, వెనక వరుస దాటి నిలబడ్డాను. అక్కడ పక్క మనిషితో మామూలు గొంతుతో మాట్లాడగలిగేదాకా మా ఆయనకు చేతితో "తగ్గించు" అని సైగ చేశాను. సరిపోయిన చోట నా గోళ్ల రంగుతో సౌండు మర మీద ఎర్ర గీత పెట్టాం. ఆ గీత దాటడం ఆయన చేతిలో లేదు, నా చేతిలోనే ఉంది. "ఏందన్నా, ఈసారి పిడుగు లేదు?" అని కుర్రాళ్లు అరిచారు. మల్లమ్మత్త మాత్రం పాటలో మాటలు ఇన్నాళ్లకు అర్థమయ్యాయని అంది. బాక్సు పక్కన కుర్చీ వేయవద్దని పందిరివాళ్లకు నేనే చెప్పాను.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ గల్లీలో ప్రోగ్రాం పెట్టించే ముందు, సౌండు మర ఎవరి చేతిలో ఉంటుందో ఆ మనిషి చెవులకు ఆడియోగ్రామ్ తీయించండి.

ఇప్పుడు పొద్దున్నే మేమిద్దరం కలిసి అమ్మ దగ్గరికి వెళతాం. ధార చప్పుడు నాకు తిరిగి వచ్చింది, సన్నగా. వచ్చిన మొదటి రోజు బర్రె కాళ్ల దగ్గరే కూలబడి విన్నాను. ఆయనకు రాలేదు, ఇక రాదన్నారు. ఆయన పక్కన గొంతుక్కూర్చుని బకెట్ అంచుకు అరచెయ్యి ఆనించి పెడతారు. కొంచెంసేపటికి తలెత్తి నన్ను చూసి, ఇంకో చేతి వేలు ఎత్తుతారు.