ఏడో కుండీలో గడ్డి

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, చేతికి డిగ్రీ వచ్చింది కాబట్టి తప్పులు చేసేది మిగతావాళ్లేనని నా గట్టి నమ్మకం. పటాన్‌చెరు దగ్గర ఒక పరిశోధనశాలలో తాత్కాలిక ఉద్యోగం. ధ్రువప్రాంతపు మంచులో, మనుషులు మకాం వేసిన చోట, కొత్తగా ఒక గడ్డి మొలుస్తోందట. అది అక్కడిది కాదు. ఎవరి బూట్లకో, సంచులకో అంటుకుని వెళ్లింది. ఒకే చోటి నుంచి వెళ్లిందా, పది చోట్ల నుంచి వెళ్లిందా? జన్యువులు పోల్చి చూస్తే తెలుస్తుందని మా సారు చెప్పినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. (జీతం చెప్పినప్పుడు అంతగా పులకరించలేదు.) అక్కడి నుంచి తెచ్చిన ఆ గడ్డి విత్తనాలను చల్లగదిలో పన్నెండు కుండీల్లో పెంచడం నా పని.

ఒక సోమవారం వెళ్లేసరికి, గదులు ఊడ్చే కలుపక్క తలుపు పక్కనున్న ఏడో కుండీని ఖాళీ చేసి ఎనిమిదో దానిమీద చెయ్యి వేసింది. (కాజీపల్లి పొలాల్లో కలుపు తీసి తీసి ఆమెకు ఆ పేరొచ్చింది.)

"అక్కా, ఏం జేస్తున్నవ్!"

"గడ్డి మొలిచింది బిడ్డా, పీకుతున్న. గింత మంచి కుండీలల్ల గడ్డిని ఎవలన్న సాదుతరా?"

"పీకింది ఏది?"

"చెత్తల కాలవెట్టిన."

ఉద్యోగం పోయిందని నేను ఏడుపు మొదలుపెట్టాను. "పరేషాన్ గాకు, నల్లా కాడ గసొంటిదే ఉన్నది" అంటూ ఆమె బయట నీళ్ల పంపు దగ్గరి గడ్డిమొక్కను పీకి తెచ్చింది. నేను నాటాను. చదువుకున్నదాన్ని కదా, వేళ్లు విరగకుండా నాటాను.

పదిహేను రోజులకు జన్యు పరీక్ష ఫొటో చూస్తూ సారు కుర్చీలోంచి లేచారు. "పదకొండు దగ్గరి చుట్టాలే. ఈ ఏడోది చూడు, వీటిల కలుస్తలేదు! ఎక్కడి నుంచి వచ్చిందంటవ్?" నిజం చెప్పాలంటే, ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందబ్బా అని ఒక నిమిషం నేనూ ఆలోచించాను. ఈ కొత్త సంగతి ఢిల్లీ ఆఫీసుకు ఉత్తరం రాయడానికి సారు కాగితం తీశారు.

"సార్, అది నల్లా దగ్గరి నుంచి వచ్చింది."

"కుండీల ఎవరు వెట్టిండ్రు?"

"నేనే."

ఆయన ఉత్తరం కాగితం పక్కన పెట్టారు. "మంచు మీదికి గూడ ఇట్లనే పోయింది. తీస్కపోయినోళ్లు ఒక్కరు చెప్పలే. నువ్వన్న చెప్పినవ్" అని ఫొటోలో ఏడో వరుసను ఎర్ర పెన్నుతో కొట్టేశారు. నన్ను మాత్రం కొట్టేయలేదు.

ఇప్పుడు పాపకు ఒక పూట మందు వేయడం మరిచిపోతే, ఆ మాట మా ఆయనతో అనడానికి రెండు రోజులు ధైర్యం కూడగట్టుకుంటాను. ఆ రోజు సారు ముందు నిలబడ్డ పిల్ల మాత్రం ఒక్క ముక్కలో "నేనే" అనేసింది, పిచ్చిది.