పాత పెట్టెకు అట్టలు కొట్టని ఏడు

మా నేతవాడలో కొత్త అంచు ఎవరు కట్టినా, దాని అట్టల దండను సంఘం గదిలో మేకుకు తగిలించేవారు. ఎవరికి కావాలంటే వారు దింపుకొని చూసి కొట్టించుకోవచ్చు. అంచు నాదని ఎవరూ అనేవారు కాదు. అట్ట మీద చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. మగ్గం నెత్తిన ఉండే పెట్టె ఆ చిల్లుల ప్రకారమే పువ్వో చిలుకో దింపుతుంది.

వాడ మొత్తానికీ అట్టలు కొట్టేది మా ఆయన. వరుసగా దారంతో కుట్టేది నేను. కొత్త పెట్టెలు వచ్చాక ఆయనకు ప్రతి అంచూ రెండుసార్లు కొట్టే పని పడింది. కొత్త పెట్టెకు వరుసకు నూట ఇరవై చిల్లులు, పాతదానికి నూరే. నూరులో ఇమడాలంటే బొమ్మనే మళ్లీ గీయాలి. ఆయన కుడి భుజం అప్పటికే పైకి లేవడం మానేసింది. వాడలో పాత పెట్టెలు మూడే మిగిలాయి. అందులో ఒకటి నన్ను కన్న మా బాపుది.

దసరా దాటాక పాత పెట్టెలకు కొట్టేది లేదని సంఘంలో తేల్చారు. ఆయాసంతో బాపు ఆ రోజు రాలేదు. నేను ఆ ఏడే వయోజన బడిలో అక్షరాలు నేర్చుకున్నాను.

"మా వదినెకు సదువొచ్చింది గద, ఆమెనే రాయనియ్యుండ్రి" అని సంఘంలో ఒకాయన నవ్వుతూ కాగితం నా ముందుకు తోశాడు. రాశాను. నలుగురి కోసం నేను రాసిన మొదటి మాట అదే.

మర్నాడు బాపు ఆ కాగితం అంటించిన సంఘం గోడ ముందు నిలబడ్డాడు. "ఏమున్నది బిడ్డా గీ కాయితంల?"

చదివి చెప్పాను.

"నా పెట్టె వయసుల నాకన్న చిన్నదే. ఇగ నన్ను గూడ బందు వెడ్తరా?" అన్నాడు. కాగితం మీద వేలు పెట్టి, "ఎవరి రాత?" అని అడిగాడు.

"నాదే బాపు."

"వంకర లేకుంట రాసినవ్" అని వెళ్లిపోయాడు.

పాత అంచు చీరలను షావుకారు తీసుకోవడం మానేశాడు. ఆ యేడు అందరికీ కావలసింది చిలుకల అంచు. మా ఆయన ఊళ్లో లేని రోజు చూసి నేనే ఆ దండ దింపి, పాత కొలతలో కొట్టాను. ఎక్కువైన ఇరవై చిల్లులూ చివరవే కదా, ఉత్త గీతలే ఉంటాయనుకొని వదిలేశాను. బాపుకు చూపు ఆనదు. నేను వెళ్లి చూసేసరికి గజమున్నర నేశాడు. ఒక్క చిలుకకూ తల లేదు.

"తలలు వంచుకున్నయేమో అనుకున్న బిడ్డా" అన్నాడు. కత్తెర తెచ్చి బట్టను తనే కోశాడు.

మా ఆయన తిరిగొచ్చి కోప్పడ్డాడు. "నన్నడిగితే కొట్టకపోదునా?"

"అడిగితే కొడుదువా?"

సోమవారం నుంచి బాపు మగ్గం వదిలి, కరెంటు మగ్గాలు నడిచే సాంచాల కార్ఖానాలో ఆడవాళ్ల వరుసలో కూర్చుని నూలు కండెలు చుట్టాడు.