పెరుగు తోడుకు వచ్చిన టీచరమ్మ

మా అపార్ట్‌మెంట్ మొదటి అంతస్తు టీచరమ్మ గురువారం ఉదయం పోయారు. వాచ్‌మన్ వచ్చి చెప్పినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ముందు గుర్తొచ్చింది ఆమె మీద నాకున్న కోపమే. ఆమె మంచితనం గురించి చెప్పడానికి ఈ ఎల్బీనగర్‌లో చాలామంది ఉన్నారు. నేను నా సంగతి చెబుతాను.

ఆమె నల్లగొండ వైపు సర్కారు బడిలో పనిచేసి రిటైరయ్యారు. మేము గుంటూరు నుంచి వచ్చినవాళ్లం. పొద్దున పదింటికి స్టీలు గిన్నె పట్టుకుని రోజుకో ఫ్లాట్ బెల్లు కొట్టేవారు. "జర తోడుకు పెరుగుంటే ఇయ్యుండ్రి" అని అడిగేవారు. రోజూ పాలు కాచుకునే మనిషికి తోడుకు చెంచాడు పెరుగు మిగలదా అని ఈసడించుకునేదాన్ని. ఆమెకు కావలసింది పెరుగు కాదని ఆలస్యంగా తెలిసింది. బళ్లు మొదలైపోయిన వేళ ఏ ఇంట్లో ఆడపిల్ల తలుపు తీస్తుందో చూడటానికి వచ్చేవారు.

మా ఇంట్లో తలుపు తీసేది మౌనిక. పద్నాలుగేళ్లది. ఏడో తరగతిలో చదువు మాన్పించి ఊరి నుంచి తెచ్చి మా ఇంట్లో పనికి పెట్టారు. వాళ్లమ్మ మన్సూరాబాద్‌లో ఇళ్లు కట్టేచోట కూలికి వెళ్లేది. మౌనిక మా చంటివాణ్ణి ఎత్తుకునేది, అంట్లు తోమేది. నేను దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఊళ్లోవాళ్ల పిల్లలకు లెక్కలు చెప్పి వచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉండేది. "సొంత పిల్లలా చూసుకుంటున్నాం" అని అందరితో చెప్పుకునేదాన్ని. సొంత పిల్లయితే బడికి పంపకుండా ఉంటానా అని ఒక్కసారీ తోచలేదు.

టీచరమ్మ మొదటిసారి మా బెల్లు కొట్టి నెల తిరక్కుండానే మౌనిక పని మానేసింది. టీచరమ్మ ఇంట్లో ఓపెన్ టెన్త్‌కు చదువుతోందని తెలిసి ఒళ్లు మండిపోయింది. వాళ్ల గుమ్మంలోనే నిలదీశాను.

"మా ఇంటి పిల్లను లాక్కోడానికి మీరెవరండీ?"

"మీ ఇంటి పిల్లనా? అయితే ఆమె ఇంటిపేరు చెప్పుండ్రి."

నాకు తెలియదు. ఆ మాట అడిగినందుకు ఆమెను ఇంకా ద్వేషించాను.

అంతటితో ఊరుకోలేదు. టీచరమ్మ పిల్లను ఎక్కడికో దూరంగా పంపించేస్తుందట అని వాళ్లమ్మకు ఎక్కించాను. ఆ తల్లి పనిలోంచి పరుగున వచ్చి పార్కింగ్‌లో అందరి ముందూ ఆమెను నానా మాటలూ అంది. నేను బాల్కనీలో నిలబడి చూశాను.

"లోపటికి రా చెల్లె. నీ బిడ్డ ఏం సదువుతుందో కూసోని నువ్వే సూడు" అంటూ టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. ఆ మర్నాటి నుంచీ తల్లే కూతుర్ని దింపి పనికి పోయేది.

రెండు రోజులకు పదింటికి మా బెల్లు మోగింది. చంకలో పిల్లాడితో నేనే తలుపు తీశాను.

"ఆ మాట ఎవరు చెప్పిండ్రో నాకెరుకే" అన్నారు గొంతు పెంచకుండా. "నన్ను ఎంతన్న తిట్టుకోండ్రి, ఫరక్ పడదు. ఇంకో పిల్లను మాత్రం పనికి పెట్టుకోకుండ్రి." పైగా గిన్నె చాపారు. పెరుగు వెయ్యక తప్పలేదు.

తర్వాతి ఏళ్లలో ఎన్నిసార్లు ఎదురుపడినా మొహం తిప్పుకున్నాను. ఆమె మాత్రం "పిల్లగాడు మంచిగున్నడా?" అని అడగడం మానలేదు. ఇంకో పిల్లను పెట్టుకోలేదు నేను, ఆమె మళ్లీ గిన్నె పట్టుకుని వస్తారన్న భయానికే. ఆ భయం పెట్టినందుకు ఆమెకు రుణపడి ఉన్నానని ఇప్పుడు రాస్తున్నాను. బతికుండగా చెప్పలేదు.

గురువారం కిందికి దిగాను. మౌనిక ఎప్పుడో వచ్చేసింది. ఇప్పుడు ఒక దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. కళ్లు వాచిపోయి ఉన్నాయి. టీచరమ్మ దగ్గర ఈ ఏడాది చదువుతున్న పిల్లలందరినీ పుస్తకాలతో మెట్ల మీద కూర్చోబెట్టింది.

పై అంతస్తు పెద్దాయన కసురుకున్నాడు. "లోపల శవం పెట్టుకుని చదువులేంటమ్మా? కాస్తయినా మర్యాద ఉండక్కర్లేదా?"

"రేపు వీళ్లకు సైన్స్ పరీక్ష అంకుల్" అంది మౌనిక. "ఏడ్చుడు పరీక్షయినంక."

నన్ను చూసి "బాగున్నరా మేడం" అంది. క్షమించమని అడుగుదామనుకున్నాను. బాగున్నానని చెప్పి మెట్ల వైపు తిరిగాను.

మా ఇంటికి వెళ్లాలంటే ఆ పిల్లల మధ్యలోంచే ఎక్కాలి. ఒక్కరూ తలెత్తి నన్ను చూడలేదు. పుస్తకంలోంచి చూపు తియ్యకుండానే మోకాళ్లు పక్కకు జరిపి, దారి ఇచ్చారు.