అయ్యుండొచ్చుగారు కనిపెట్టిన దుప్పటి

మా ఆఫీసులో ఒక పెద్దమనిషి ఉన్నారు. ఎవరేం చెప్పినా, ఎంత గట్టిగా చెప్పినా, ఆయన నోట్లోంచి వచ్చే మాట ఒక్కటే. "ఇంకేదైనా అయ్యుండొచ్చుగా?"

"బయట వాన దంచేస్తోందండీ" అంటూ తడిసి ముద్దై వచ్చినవాడితో కూడా అదే మాట. వాడి తల తుడుచుకోవడం పూర్తయ్యేలోపు ఈయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పరీక్షిస్తుంటారు. ఓసారి అది నిజంగానే వాన కాదు, పై అంతస్తువాళ్ళు బాల్కనీ కడుగుతున్న నీళ్ళు. ఆ రోజునుంచీ మాకు మాట్లాడే మొహం లేకుండా పోయింది. ఆ మాట చివర 'రు' తగిలించి, ఆయనకి అయ్యుండొచ్చుగారు అని పేరు పెట్టి కసి తీర్చుకున్నాం. ఆ పేరు చెప్పినప్పుడు కూడా ఆయన ఒప్పుకోలేదు. "నన్నే అంటున్నారని ఏంటి నమ్మకం?" అన్నారు.

మాది ఖగోళ పరిశోధన పత్రిక. నక్షత్రాల గురించీ గెలాక్సీల గురించీ శాస్త్రవేత్తలు రాసే వ్యాసాలు మా బల్లల మీదికొస్తాయి. వాటిలో నిలబడేవేవో, పడిపోయేవేవో తేల్చి అచ్చుకి పంపడం సంపాదకులుగా మా పని. మా మేనత్త మాత్రం ఈరోజుకీ నేను రాశిఫలాలు రాస్తున్నాననే అనుకుంటోంది. "నా రాశికి ఈ వారం కాస్త మంచిది రాయరా, నీ సొమ్మేం పోయింది?" అని ఫోన్లో గొడవ.

మేం ముగ్గురం సంపాదకులం. ముగ్గురం ఒకప్పుడు పరిశోధన చేసినవాళ్ళమే. ప్రధాన సంపాదకురాలు సూర్యుడి మీద పనిచేశారు. ఆవిడ పనంతా పగలే కాబట్టి, చీకటి పడ్డాక జరిగేవేవీ ఆవిడకి లెక్కలోకి రావు. మేం ఎండ మేడమ్ అంటాం. నాది కృష్ణబిలాలు. అదీ కాగితం మీద. నేను జన్మలో ఒక్కసారే టెలిస్కోపులోంచి చూశాను. చిమ్మచీకటిగా ఉంటే "ఆహా, కృష్ణబిలం ఎంత బాగా కనిపిస్తోందో!" అన్నాను. పక్కనున్నాయన నెమ్మదిగా మూత తీశాడు. అప్పట్నుంచీ ఆఫీసులో నా పేరు బిలం.

ముగ్గురిలోనూ నిజంగా ఆకాశాన్ని చూసినవాడు అయ్యుండొచ్చుగారొక్కరే. వయసంతా ఒక కొండమీది టెలిస్కోపు దగ్గర, రెండు స్వెట్టర్లు తొడుక్కుని, రాత్రిళ్ళు మేలుకుని గడిపారు. ఆ అలవాటు కొద్దీ ఇప్పటికీ పొద్దున ఆఫీసుకి వస్తూనే "ఇక పడుకోవచ్చు" అనుకునే మొహం పెడతారు.

"కొత్త గ్రహం కనిపెట్టాం!" అని ఎవరైనా వ్యాసం పంపితే చాలు, ఆయన ప్రాణం లేచొస్తుంది. అది మబ్బు కాదా? విమానం కాదా? అద్దం మీద దుమ్ము కాదా? సాలీడు కాదా? ఓసారి ఒక పెద్ద ప్రొఫెసర్ ఫోన్ చేసి నిప్పులు కక్కారు.

"ఏమనుకుంటున్నారండీ! నా టెలిస్కోపులో సాలీడేంటి?"

"ఉందని నేననలేదు సార్. మీరోసారి చూస్తే లేదని తేలిపోతుంది."

ప్రొఫెసర్ ఫోన్ పెట్టేశారు. వారం తిరక్కుండా వ్యాసం వెనక్కి తీసుకున్నారు. కారణం చెప్పలేదు. అయ్యుండొచ్చుగారు కూడా అడగలేదు. కాకపోతే ఆ రోజంతా ఈల వేస్తూ తిరిగారు.

ఇంకోసారి మేం ముగ్గురం ఎక్కిన లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. కరెంటు పోయిందన్నాను నేను. తీగ తెగిందేమోనని మేడమ్ హడలిపోయారు. "ఇంకేదైనా అయ్యుండొచ్చుగా?" అని ఈయన ఆలోచనలో పడ్డారు. మేం చెమటలు కక్కుతూ నిలబడ్డాం. కాసేపటికి ఆయన పక్కకి జరిగారు, లిఫ్టు కదిలింది. అంతసేపూ ఆగే బొత్తాం ఆయన వీపు కిందే ఉంది. "చూశారా, నేను చెప్పలేదూ?" అన్నారు మహా సంతోషంగా.

ఇంట్లో ఆయన భార్య ఎలా వేగుతున్నారోనని ఓసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆవిడనే అడిగాను.

"వేగడమేముంది బాబూ! పెళ్ళిచూపుల్లో 'అబ్బాయి నచ్చాడు' అన్నాను. 'ఇంకేదైనా అయ్యుండొచ్చుగా?' అన్నారు. అయ్యుంటే ఎంత బాగుండునో అని అప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను."

"కూరలో ఉప్పెక్కువైందోయ్" అన్నారాయన భోజనాల గదిలోంచి.

"ఇంకేదైనా అయ్యుండొచ్చుగా? కూర తక్కువైందేమో చూడండి!"

నేను కింద పడి నవ్వాను. ఆయన మాత్రం ఆ మాటని సీరియస్‌గా తీసుకుని, ఇంకాస్త కూర వేసుకుని మళ్ళీ రుచి చూశారు.

ఆవిడే ఇంకో సంగతి కూడా చెప్పారు. మనవరాలి పుట్టినరోజుకి ఆవిడ అన్నయ్య రాలేదట. ఇంటిల్లిపాదీ ఆయన అలిగాడని తీర్మానించేశారు. పిలవడం ఆలస్యమైందని ఒకరు, పోయినసారి కుర్చీ చూపించలేదని ఒకరు, కారణాలు కూడా దొరికేశాయి. ఈయన మాత్రం "బావ అలగడమేంటి, ఇంకేదైనా అయ్యుండొచ్చుగా?" అంటూ కేకు కొయ్యకముందే స్కూటరేసుకుని పోయారు. వెళ్ళి చూస్తే బావగారు కొత్త చొక్కా తొడుక్కుని స్నానాలగదిలో ఉన్నారు, గడియ బిగుసుకుపోయి. అరిచి అరిచి గొంతు పోయింది పాపం. నాకప్పుడు నవ్వే వచ్చింది కానీ వేరే ఆలోచనేదీ రాలేదు.

ఈ జబ్బు ఎప్పట్నుంచని అడిగితే, టీ తాగేటప్పుడు ఆయనే గర్వంగా చెప్పుకునేవారు. కుర్రతనంలో ఆకాశం అంచున ఒక వింత నక్షత్రాన్ని కనిపెట్టారు. కొన్ని రాత్రులు మామూలుగా వెలుగుతుంది, కొన్ని రాత్రులు ఉన్నట్టుండి మసకబారుతుంది. ఎందుకో ఏ సిద్ధాంతానికీ అందలేదు. వ్యాసం రాసి మా పత్రికకే పంపారు. తీరా చూస్తే పక్క డాబామీద అక్కడి వంటాయన ఉతికి ఆరేసిన దుప్పటి! దుప్పటి ఉతికిన రాత్రే నక్షత్రానికి జబ్బు చేసేది. "చరిత్రలో దుప్పటిని కనిపెట్టిన ఖగోళ శాస్త్రవేత్తని నేనొక్కణ్ణేనోయ్ బిలం" అని టీ పొలమారేదాకా నవ్వేవారు.

ఇదంతా ఇలా ఉండగా ఒకరోజు మేడమ్ నన్నూ ఆయన్నీ గదిలోకి పిలిచారు. మొహం కందగడ్డలా ఉంది. బల్లమీద రెండు వ్యాసాలు.

"ఇది పేరున్న బృందం పంపింది. ఒక గెలాక్సీ నడిబొడ్డు నెలకోసారి వెలుగు పెంచుకుంటోందట. ఇది రెండు వారాల తర్వాత వచ్చింది. ఒక అమ్మాయి రాసిన మొట్టమొదటి వ్యాసం. అదే గెలాక్సీ. గ్రాఫులో వెలుగు పెరిగినచోట అవే గూనులు, అవే తేదీలు. వాళ్ళు ఈ ఫలితాన్ని ఒక సమావేశంలో తెరమీద చూపించారు. ఆ హాల్లో ఈ అమ్మాయి కూర్చుని ఉంది. ఇంకేం కావాలి?"

నాకైతే ఇంకేమీ అక్కర్లేదనిపించింది. పచ్చి దొంగతనం. "ఆ అమ్మాయి పనిచేసే సంస్థకి రాసెయ్యండి మేడమ్" అన్నాను. అలా రాస్తే ఆ అమ్మాయి ఉద్యోగం ఆ రోజే పోతుంది. ఈ రంగంలో మళ్ళీ ఎవరూ గడప తొక్కనివ్వరు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

"సాయంత్రం పంపేస్తాను" అన్నారు మేడమ్.

"ఇంకేదైనా అయ్యుండొచ్చుగా?"

"అబ్బబ్బ, మీరు ఆపండి! రెండు టెలిస్కోపులు చెరో మూల ఉన్నాయి. రెంటికీ ఒకే దుప్పటి అడ్డం రాదుగా?"

ఆయన నొచ్చుకోలేదు. ఉషారుగా కుర్చీ లాక్కుని రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టుకున్నారు. "మంచి మాటన్నారు మేడమ్. రెంటికీ అడ్డం వచ్చే దుప్పటి ఏముంటుందంటారు? నెలకోసారి వచ్చేది? బాగా తెల్లగా ఉండేది?"

మేడమ్ గ్రాఫుల మీదికి వంగారు.

"ఏమోయ్ బిలం, ఆ రోజుల్లో చందమామ ఎక్కడున్నాడో చూడు."

కంప్యూటర్లో చూశాను. గూను ఉన్న ప్రతి తేదీన చందమామ వెళ్ళి సరిగ్గా ఆ గెలాక్సీ పక్కనే కూర్చుని ఉన్నాడు. పసిపిల్లలకి చూపించి అన్నం పెట్టే చందమామ, ఇద్దరు ఖగోళ సంపాదకుల బుర్రలకి తట్టలేదు. మేడమ్ రాత్రిళ్ళని పట్టించుకోరు, నేను ఆకాశాన్నే పట్టించుకోను.

"కానీ వెన్నెలని తీసేశాకే కదా ఎవరైనా వెలుగు కొలుస్తారు?" అన్నారు మేడమ్.

"తీసేశారో లేదో అడుగుదాం" అని ఆయన ఫోన్ అందుకున్నారు. దొంగతనం మాట ఎత్తకుండా, పక్కింటివాళ్ళ యోగక్షేమాలు అడిగినట్టు అడిగారు. "ఏమ్మా, వెలుగు ఏ సాఫ్ట్‌వేర్‌తో కొలిచావు? ఓహో, అదా. అందులో వెన్నెల తీసేసే స్విచ్ ఒకటుంటుంది, నొక్కావా?"

అవతల కీబోర్డు టకటకలాడింది. "అలాంటి స్విచ్ ఉందా సార్?"

పెద్ద బృందం నాయకుడికీ చేశారు. ఆయన వాడిందీ ఆ సాఫ్ట్‌వేరే. "మేం పిల్లకాయలం కాదండీ, అన్నీ చూసుకునే చేస్తాం" అని గర్జించారు. గంట తర్వాత ఆయనే మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. ఆ స్విచ్ మనం నొక్కితే తప్ప పనిచేయదు. ఇద్దరూ నొక్కలేదు. ఒకరి దగ్గర ఒకరు కాజేసిందేమీ లేదు, ఇద్దరూ ఎవరికి వారే ఒకే గోతిలో పడ్డారు.

ఆ అమ్మాయికి ఆయన మళ్ళీ ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"అయితే సార్, నేను రెండేళ్ళు కష్టపడి కనిపెట్టింది..."

"చందమామనమ్మా."

అవతల వెక్కిళ్ళు మొదలయ్యాయి. ఈయన కంగారు పడలేదు. "నేను దుప్పటిని కనిపెట్టానమ్మా. నీది చాలా నయం. కనీసం ఆకాశంలోదే" అని మొదలుపెట్టి కథంతా చెప్పారు. వంటాయన దగ్గరికొచ్చేసరికి అవతల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "ఆ సాఫ్ట్‌వేర్ ఇంకెంతమందిని ముంచిందో! నువ్వూ వాళ్ళూ కలిసి ఆ సంగతే రాయండి. నేను వేస్తాను" అన్నారు.

వేశారు కూడా. ఆ ఏడు మా పత్రికలో అందరికన్నా ఎక్కువమంది చదివిన వ్యాసం అదే. చదివి, ఎందరు తమ పాత లెక్కలు చాటుగా దిద్దుకున్నారో ఆ చందమామకే తెలియాలి.

మేడమ్‌కి మనసు మనసులో లేదు. "మనం తనని ఏమనుకున్నామో ఆ అమ్మాయికి చెప్పి, క్షమించమని అడగాలి కదూ?"

"ఎందుకు మేడమ్? మన బరువు దించుకోడానికి తన నెత్తిన పెట్టడమే అవుతుంది. వదిలేయండి" అన్నారాయన.

ఆ సాయంత్రం టీ దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. "మీకెవరిమీదా నమ్మకం లేదనుకునేవాణ్ణండీ ఇన్నాళ్ళూ."

"దుప్పటి కథలో నీకో ముక్క చెప్పలేదోయ్" అన్నారు. "నా నక్షత్రాన్ని వేరే ఎవరు చూసినా మసకబారేది కాదు. దాంతో నేను అంకెలు పుట్టించానన్నారు. మా డైరెక్టర్ నన్ను కొండ దిగిపొమ్మన్నాడు. అప్పట్లో ఈ కుర్చీలో ఒక ముసలాయన ఉండేవారు. నా మొహం కూడా ఎరగరు. 'కుర్రవాడు అబద్ధమాడాడు' అని డైరెక్టర్ అంటే, 'ఇంకేదైనా అయ్యుండొచ్చుగా?' అన్నారట. ఆ మాట పట్టుకునే నేను డాబామీదికి వెళ్ళి చూశాను."

టీ గుటక వేసి, "నువ్వు అది నక్షత్రాల గురించి అడిగే ప్రశ్న అనుకున్నావేమో. మనుషుల గురించోయ్" అన్నారు.

నాకు చటుక్కున వాళ్ళ బావగారు గుర్తొచ్చారు, కొత్త చొక్కాతో. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో ఆయన మీద నాకు కలిగిన గౌరవానికి టీ ఖర్చు నేనే పెట్టుకుందామనిపించింది. పెట్టుకున్నాను కూడా.

కొన్నాళ్ళకి ఆ అమ్మాయి ఆఫీసుకి వచ్చింది. చలాకీ పిల్ల. వ్యాసం దిద్దేటప్పుడు ఫోన్లో ఆయన ఊతపదం బోలెడుసార్లు వినే ఉంటుంది. ఒక పెద్ద పొట్లం తెచ్చి ఆయన బల్లమీద పెట్టి, "సార్, ఇది మీకే. ఏంటో చెప్పుకోండి చూద్దాం!" అంది.

మేడమ్ గుమ్మంలో నిలబడ్డారు. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. ఇంక ఈయన మొదలుపెడతారు, సాయంత్రం దాకా పొట్లం విప్పరు అనుకున్నాం. ఆయన పొట్లం మీద చెయ్యి వేసి నెమ్మదిగా నొక్కి చూశారు.

"దుప్పటి" అన్నారు.

"ఇంకేదైనా అయ్యుండొచ్చుగా?" అన్నాం ఆ అమ్మాయితో సహా ముగ్గురం ఒక్కసారే.

"కాదు" అన్నారు అయ్యుండొచ్చుగారు, జీవితంలో మొదటిసారి ఏ సందేహమూ లేకుండా. "దుప్పటి సంగతి నాకు చెప్పకండి. దాన్ని కనిపెట్టిందే నేను."