వేటకెళ్ళినవాడి గొంతు

భయపెట్టే వీడియో ఆటల గురించి ఒక అభిప్రాయం బాగా స్థిరపడిపోయింది. ఆ భయం తెర ఆపగానే పోతుందనీ, అందుకే జనం దాన్ని సరదాగా కోరుకుంటారనీ అంటారు. ఆడేవాళ్ళూ ఇదే చెబుతారు, ఆడొద్దని కసిరే పెద్దవాళ్ళూ ఇదే చెబుతారు. రెండు పక్షాలూ ఒకే మాట మీద నిలబడితే దాన్ని ఇక ఎవరూ పరీక్షించరు. గంగాధర్ బతుకులో గడిచిన ఏడాదిని కాస్త దగ్గరగా చూశాక నాకు ఆ మాట మీద నమ్మకం సడలింది.

గంగాధర్ విజయవాడ గవర్నరుపేటలో ఒక చిన్న స్టూడియోలో పనిచేస్తాడు. మైకు కట్టుకుని వీధులు తిరిగే ప్రచార ఆటోలకు అక్కడ గొంతులు తయారవుతాయి. చీరల దుకాణం తగ్గింపు ధరలు, కోచింగ్ కాలేజీల అడ్మిషన్లు, గుణదల తిరునాళ్ళకు వచ్చే యాత్రికులకు సూచనలు. ఎవరి చేతనైనా చదివించి, దగ్గులూ తడబాట్లూ కోసేసి, ట్రాఫిక్ రొదలో కూడా వినబడేలా పదును పెట్టడం అతని పని. ఈమధ్య చదివేవాళ్ళ అవసరం కూడా తగ్గింది. ఒక మనిషి గొంతును కాసేపు వినిపిస్తే చాలు, కంప్యూటరు ఆ గొంతుతో ఏ వాక్యాన్నయినా పలుకుతుంది. స్టూడియో యజమాని హుమాయూన్ ఆ సాఫ్ట్‌వేరు తెచ్చిన రోజున ముందు తన గొంతునే దానికి ఇచ్చాడు. తాను ఏనాడూ చేయని వాగ్దానాలను తన గొంతులోనే విని పడీపడీ నవ్వాడు.

"మీ వదినకి మాత్రం వినిపించకు గంగా. రేపట్నుంచి దీన్నే మొగుడనుకుంటుంది."

మధ్యాహ్నం అన్నం తిన్నాక అదే కంప్యూటరులో గంగాధర్ ఆడే ఆట పేరు 'కోల్డ్ రిలే'. నేను ఆడలేదు, అతని పక్కన కూర్చుని చూశాను. ఎక్కడో దూరపు గ్రహం చుట్టూ తిరిగే ఒక మంచు చందమామ. ఆ మంచు కింద సముద్రం, ఆ సముద్రంలో మనుషులు కట్టుకున్న ఒక స్థావరం. ఆడేవాడు అక్కడి వైర్‌లెస్ ఉద్యోగి. చేతిలో ఆయుధం ఉండదు, చెవులకు హెడ్‌ఫోన్లు మాత్రం ఉంటాయి. తోటివాళ్ళు ఒక్కొక్కరే నీటిలోకి పోతారు. పోయినవాళ్ళ గొంతులు తర్వాత వైర్‌లెస్‌లో వినిపిస్తాయి. నీళ్ళలో ఉన్నదేదో ఆ గొంతులతో పిలుస్తూ ఉంటుంది.

ఇందులో మెచ్చుకోవలసినది నాకు మొదట ఏమీ కనబడలేదు. ఒకే నడవాను పదే పదే నడిపిస్తారు. ఉలిక్కిపడేలా చేయడానికి ఆవిరి గొట్టాలు పేలుస్తారు. దాదాపు చివర్లో ఆ ప్రాణిని చూపిస్తారు. చూపించడంతో దాని మహిమ అంతా పోయి, పళ్ళున్న చేప మిగులుతుంది. గంగాధర్ కూడా అది ఒప్పుకున్నాడు. "పళ్ళు చూడంగానే నవ్వొచ్చిందండీ. అట్టాంటియ్యి మా అన్న వల దులిపితే నాలుగు రాల్తయ్యి."

"మరి దేనికంత ఇష్టం?"

అతను ఆటను వెనక్కి తీసుకెళ్ళి మొదటి ఘట్టం చూపించాడు. స్థావరంలో అందరూ భోజనాల దగ్గర కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. ఒకడు బయటి నుంచి తలుపు కొట్టి, "తలుపు తియ్, చేతుల్లో సామానుంది" అంటాడు. లోపలివాళ్ళు నవ్వుతూ తీస్తారు. చాలాసేపటికి, ఆ మనిషి చచ్చిపోయిన తర్వాత, చీకటి పడిన నడవాలో అదే గొంతు అదే వాక్యాన్ని అంటుంది. తలుపు తియ్, చేతుల్లో సామానుంది.

"అది అబద్ధం చెప్పదండీ. అక్కడే ఉంది దాని భయం. చచ్చిపోయినోళ్ళు బతికుండగా అన్న మాటే అంటది. ఒక్క ముక్క సొంతంగా కలపదు. అన్నం దగ్గర సరిగ్గా విన్నోడు బతుకుతాడు."

మనిషి మాట్లాడతాడు అంటే ఇంతవరకూ అననిది ఏ క్షణానైనా అనగలడని అర్థం. మరణం ముందుగా తీసుకుపోయేది ఆ శక్తినే. నీళ్ళలోని ప్రాణి కూడా ఆ చట్టాన్ని దాటలేదు, పాత మాటలను కొత్త తలుపుల ముందు పెట్టగలదంతే. అంత చవకబారు హంగుల మధ్య ఇంత నికరమైన ఆలోచన ఒకటి ఉన్నందుకు ఆ ఆటను పూర్తిగా కొట్టిపారేయలేకపోయాను.

ఆ వానాకాలంలోనే అతని అన్న కాశీరావు వేటకెళ్ళి తిరిగి రాలేదు.

వాళ్ళది నాగాయలంక దాటాక నది సముద్రంలో కలిసే చోట ఉన్న చిన్న పల్లె. అక్కడ వేట అంటే చేపల వేటే. పడవ ఆ కలిసే చోటే, మొగ దగ్గర, తిరగబడింది. తోడు వెళ్ళిన ఇద్దరూ ఈది ఒడ్డుకు చేరారు. కాశీరావు చేరలేదు, శవమూ దొరకలేదు. అలా జరిగినప్పుడు ఆ పల్లెలో ఒక ఆచారం ఉంది. తల్లి నీటి ఒడ్డున నిలబడి కొడుకును పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. జవాబు రాకపోతే అప్పుడు అతను పోయినట్టు లెక్క, అప్పుడు దర్భబొమ్మకు కర్మ చేస్తారు. పిలిచే వరకు అతను వేటలో ఉన్నట్టే. పూటపూటా అతని కంచంలో అన్నం పెట్టాలి. ఇంట్లో ఎవరూ ఏడవకూడదు, ముఖ్యంగా భార్య. బతికున్నవాడి కోసం ఏడిస్తే కీడు జరుగుతుందని అంటారు.

తల్లి దానమ్మ పిలవలేదు. ఈ అమావాస్య, వచ్చే అమావాస్య అంటూ వాయిదా వేస్తూ పోయింది. వానలు వెళ్ళాయి, చలికాలమూ వెళ్ళింది. కాశీరావు భార్య కనకలక్ష్మి పూటపూటా కంచం పెట్టి తీసింది, ఒక్కసారి కూడా ఏడవలేదు.

ఉయ్యూరు చెరకు ఫ్యాక్టరీ వాసన బస్సులోకి కొడుతున్న రోజుల్లో గంగాధర్ ఊరికి వెళ్ళాడు. కనకలక్ష్మి పెరట్లో గిన్నెలు తోముతూ, ఇంట్లోకి వినబడకుండా మాట్లాడింది.

"మీ అన్న లేడని నాకు తెల్సు గంగాధరం. పడవ చెక్క ఒడ్డుకొచ్చినప్పుడే తెల్సు. అత్తని పిలవమని చెప్పు."

"చెప్తానే ఉన్నా వదినా. వింటేగా."

"నా మాట విను. రొమ్ములో రాయి పెట్టుకుని తిరుగుతున్నా. మొన్న ఉల్లిపాయ కోస్తుంటే కళ్ళల్లో నీళ్ళొస్తే, ఎదురింటావిడ పరిగెత్తుకొచ్చి చెంగుతో తుడిచింది. కీడంట! నన్ను ఒక్కసారి ఏడవనీయండయ్యా. ఇంకేం వద్దు."

గంగాధర్ లోపలికి వెళ్ళి తల్లి ముందు కూర్చున్నాడు. అతను చెప్పింది దానమ్మ విన్నది. వల చివర్లు సవరిస్తూ అంది:

"పిలుస్తానురా. వచ్చే అమావాస్యకే పిలుస్తా. కానీ పిలిచి ఊరుకోలేను. వాడు పలకాల."

"ఎట్టా పలుకుతాడమ్మా?"

"నువ్వు చేస్తావుగా. పట్నంలో ఎవరి గొంతు కావాలంటే వాళ్ళ గొంతు చేస్తావని నువ్వే చెప్పావు. వాడి మాటలు నా ఫోన్లో బోలెడున్నయ్యి, తీసుకో. ఊరోళ్ళకి వినబడక్కర్లా. నా చెవి దగ్గర పెట్టు చాలు. 'వస్తన్నానమ్మా, నువ్వు దిగులు పడమాక' అననీ. అంతే. తర్వాత మీ ఇష్టం, బొమ్మ చేసుకోండి, తగలబెట్టుకోండి."

"అది వాడు కాదుగా అమ్మా."

"నాకు తెలవదా? కన్నది నేను. నువ్వు చెయ్. చెయ్యకపోతే నేను నీటి కాడికి రాను."

దీన్ని మూఢత్వం అని తీసిపారేయలేం. దానమ్మ మోసపోవాలని అడగలేదు. తెలిసే అడిగింది. ఒక్క వాక్యం ఇస్తే ఆమె పిలుస్తుంది, పిలిస్తే కనకలక్ష్మి ఏడవగలుగుతుంది. ఇవ్వకపోతే ఆ ఇంట్లో కంచం అలాగే ఉంటుంది, ఆ రాయీ అలాగే ఉంటుంది. అబద్ధానికి ఇంతకంటే మంచి కారణాన్ని నేను ఊహించలేను. మంచి కారణాలున్న అబద్ధాలతోనే అసలు చిక్కు.

గంగాధర్ తల్లి ఫోన్లోని అన్న సందేశాలన్నీ తెచ్చుకున్నాడు. ఒక మధ్యాహ్నం హుమాయూన్ భోజనానికి వెళ్ళినప్పుడు వాటిని సాఫ్ట్‌వేరుకు వినిపించి, తల్లి చెప్పిన వాక్యాన్ని టైపు చేశాడు. కాశీరావు పలికాడు. వస్తన్నానమ్మా, నువ్వు దిగులు పడమాక. మాట చివర గొంతు కాస్త కిందికి దింపడం కూడా కాశీరావుదే. ఆ సాఫ్ట్‌వేరులో మీట నొక్కితే అదే వాక్యాన్ని ఇంకో తీరుగా అంటుంది. గంగాధర్ నొక్కాడు. ఈసారి కాశీరావు హుషారుగా అన్నాడు. మళ్ళీ నొక్కితే అలసటగా అన్నాడు. మళ్ళీ నొక్కితే నవ్వుతూ అన్నాడు.

"ఆ నవ్వు దగ్గర ఆపేశానండీ" అని తర్వాత నాతో చెప్పాడు. "ఆటలో ఆ చేప కూడా ఈ పని చెయ్యదు. చచ్చినోళ్ళు అన్నదే అంటది. నేను మా అన్న అననిది అనిపిస్తన్నా, అదీ నవ్వించి. నేను దానికంటే కిందికి పోయా."

భోజనం నుంచి తిరిగొచ్చిన హుమాయూన్ తలుపు దగ్గరే వేళాకోళం మొదలుపెట్టాడు. "ఏంటి, మళ్ళీ ఆ దెయ్యాల కొంపలో దూరావా? ఆటో కుర్రోడు కింద హారన్ కొట్టీ కొట్టీ చస్తున్నాడు, ముందు ఆ చీరల సేల్..." అని, స్పీకరులో గొంతు విని ఆగిపోయాడు.

"ఎవరిదిది?"

"మా అన్నది, భాయ్."

హుమాయూన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కింద ఆటో హారన్ మోగుతూనే ఉంది. "నేను ఉంచమని చెప్పను, తీసెయ్యమనీ చెప్పను గంగా. ఒకటి మాత్రం చూసుకో. మీ అమ్మ ఒక్కసారి వింటానంది. ఇది ఎన్నిసార్లయినా అంటది. రేపు ఇంకో మాట కావాలంటుంది. ఎల్లుండి ఇంకెవరినో పేరు పెట్టి పిలిపించమంటుంది. నువ్వు కాదనగలవా?"

గంగాధర్ కాదనలేడు. ఆ సంగతి అతనికి తెలుసు. ఆ సాయంత్రం వరకు అతను అన్న పాత సందేశాలను ఒక్కొక్కటిగా విన్నాడు. వల తెచ్చిపెట్టమన్నవి, చార్జింగు అయిపోతోందన్నవి, పక్కింటివాడిని తిట్టినవి. గాలివానకు పడవ గిలకలదిండి రేవులో ఆగిపోయిన నాడు పంపినది ఒకటి వాటిలో ఉంది. వెనక వాన చప్పుడు, మనుషుల నవ్వులు. "అమ్మా, నాకు అన్నం పెట్టమాక. ఇక్కడే తినేశాం. నువ్వు తలుపేసుకుని పడుకో."

అమావాస్య నాడు ఉదయం ఆటు మొదలయ్యే వేళకు పల్లె ఒడ్డుకు వచ్చింది. దానమ్మ కొడుకు కంచాన్ని పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది. గంగాధర్ పక్కన నిలబడ్డాడు. కనకలక్ష్మి ఆడవాళ్ళ మధ్య పెదవులు బిగించి ఉంది.

"కాశీ!" అని పిలిచింది దానమ్మ. నీరు వెనక్కి తీస్తున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. "ఒరే కాశీ!" అని రెండోసారి. మూడోసారి పేరు సగంలోనే నిలిచిపోయింది, కానీ పెద్దలు దాన్ని పిలుపుగానే ఒప్పుకున్నారు. ఆమె చెయ్యి చాపింది. గంగాధర్ ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాడు.

ఆమె విన్నది. ముఖం ఏమీ మారలేదు.

"ఇది పాతదిగా. గాలివానప్పటిది."

"అవునమ్మా."

"కొత్తది చెయ్యలేదా?"

"చేశా. చెరిపేశా."

"చెరిపేశావా" అని, ఆ మాటను తనలో తాను ఇంకోసారి అనుకుంది. కొడుకు వైపు చూడలేదు. వంగి, కంచాన్ని నీళ్ళలో బోర్లించి వదిలేసింది. ఆటు దాన్ని లాక్కుపోయింది. అది చూసి ఒడ్డు మీద కనకలక్ష్మి ఇసుకలో కూలబడి, నెలల తరబడి ఆపుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వదిలింది. ఆ ఏడుపును ఎవరూ ఆపలేదు. ఎదురింటావిడ చెంగుతో తుడవడానికి రాలేదు.

ఆట గంగాధర్‌కు నీతి నేర్పిందని నేను అనను. చచ్చినవాడి పాత మాటను కొత్త సందర్భంలో పెట్టి తల్లికి వినిపించాడు. ఆ నీళ్ళలోని ప్రాణి చేసేదీ అదే, ఆ సంగతి అతనే నాతో ఒప్పుకున్నాడు. అంతకంటే కిందికి దిగలేదు, అంతే. దిగకుండా అతన్ని పట్టి ఆపినది ఏదో ఉంటే అది తెర ఆపినా పోని ఆ భయమే. దానమ్మ అప్పటి నుంచి అతనితో అవసరానికి మించి మాట్లాడడం లేదు. క్షమించిందో లేదో అతను అడగలేదు.

గంగాధర్ ఎంచుకున్నది ఇది: అన్న గొంతుతో తాను చేసిన వాక్యాన్నీ, దాని నాలుగు తీరులనూ, సాఫ్ట్‌వేరులోని ఆ గొంతు నమూనానూ ఊరికి బయలుదేరే ముందు చెరిపేశాడు. అన్న నిజంగా పంపిన సందేశాన్ని ఏమీ కోయకుండా, వాన చప్పుడుతో సహా, తల్లికి ఒకసారి వినిపించాడు. ఆమె అడిగినప్పుడు అది పాతదేనని చెప్పాడు.