పెట్రోలుకు నిలిచే జిగురు

బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో నాది పగుళ్లు పూడ్చే పని. బండ మీద సన్నటి గీత కనిపిస్తే జిగురు కలిపి, రేకుముక్కతో అది లోపలికి దిగేదాకా రుద్ది, ఆరాక మిషను కిందికి పంపాలి. మా ఆయన బండ్ల మెకానిక్. స్టేషను రోడ్డులో ఆయనకు రేకుల షెడ్డు ఉండేది. సాయంత్రం ఇద్దరం ఒకే తొట్టి దగ్గర చేతులు కడుక్కునేవాళ్లం. నా చేతులకు తెల్లటి రాతిపొడి, ఆయన చేతులకు నల్లటి గ్రీసు.

మూడేళ్ల కిందట ఒక ఉదయం ముఖం కడుక్కుంటుండగా ఆయన చేతిలోంచి చెంబు జారిపోయింది. వంగి తీసుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. కర్నూలు ఆసుపత్రిలో చాలా రోజులు ఉన్నాం. నడక తిరిగి వచ్చింది. కాస్త ముద్దగానైనా మాట వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. షెడ్డు ఖాళీ చేసి, పనిముట్ల పెట్టె ఇంటికి తెచ్చి మంచం కిందికి తోశాం. ఆయన రోజంతా ఆ మంచం మీదే కూర్చునేవాడు. పెట్టె వైపు చూసేవాడు కాదు. నేను పనికి పోతూ "పోయొస్తా" అంటే తల ఊపేవాడు, అంతే.

ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి గాజులమ్మే సాయిబు మా గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. పాత మోపెడ్‌కు గాజుల పెట్టె కట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగే ముసలాయన. ఆ బండిని మొదటి నుంచీ బాగు చేసింది మా ఆయనే. ఇప్పుడు కార్బొరేటర్ నుంచి పెట్రోలు కారుతోందట.

"కర్నూలంతా తిరిగినా మేస్త్రీ. ఈ బండికి సామాను ఇంగ రాదంట. కొత్తది కొనుక్కో అంటాండారు."

మా ఆయన ఒడిలో ఉన్న చేతిని చూపించాడు. "నాది ఇట్లుండాది సాయిబన్నా. ఇంకొకర్ని చూసుకో."

"చెయ్యి లేకపోతే ఏమప్పా, నోరుండాది గదా. నువ్వు చెప్పు, ఆయమ్మ చేస్తాది. రోజూ పగుళ్లు పూడ్చే చెయ్యే గదా."

మా ఆయన గోడ వైపు తిరిగాడు. నేను వంగి పెట్టెను బయటికి లాగాను.

"ముట్టుకోవద్దు," అన్నాడు గట్టిగా. పెళ్లయిన ఇన్నేళ్లలో నాతో అంత గట్టిగా మాట్లాడలేదు. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను. కాసేపటికి ఆయనే, "ఆ సన్న స్క్రూడ్రైవరు తియ్. పెద్దది గాదు," అన్నాడు.

కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే చిన్న గిన్నె ఉంటుంది. దాన్ని విప్పించి, పెట్రోలు పోసి పాత పేపరు మీద పెట్టమన్నాడు. కాసేపటికి పేపరు తడిసింది. గిన్నె అంచు కింద వెంట్రుక మందం పగులు. అది చూశాక నాకు ధైర్యం వచ్చింది. పగులు నాకు కొత్త కాదు. ఫ్యాక్టరీలో వాడే జిగురు ఇంట్లో కొంచెం ఉంటే కలిపి పూశాను. మా ఆయన నా చేతులనే చూస్తూ కూర్చున్నాడు. మరునాటికి అది రాయిలా గట్టిపడింది. సాయిబు వస్తే బండికి బిగించి పంపాం.

నాలుగో రోజు సాయిబు ఎండలో బండిని నెట్టుకుంటూ వచ్చాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. గిన్నె విప్పి చూస్తే నేను పూసింది నానిన బెల్లంలా మెత్తబడి, గోటితో తీస్తే ఊడి వచ్చింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"రాని పని నెత్తినేసుకున్నా," అన్నాను.

"తప్పు నాదిలే మే," అన్నాడు మా ఆయన. "రాయికి పెట్టేది పెట్రోలుకు నిలవదని నాకు తెల్సు. నీ చేతులు చూస్తా, చెప్పేది మర్సిపోయినా."

సాయిబు ముఖం పక్కకు తిప్పుకుని నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నవ్వు చూడటం అదే మొదలు. ఒక వైపుకు కొంచెం వంకరగా వచ్చింది. నేను సాయిబుకు మంచినీళ్లు తెస్తానని లోపలికి పోయి, కళ్లు తుడుచుకుని వచ్చాను.

పెట్రోలును తట్టుకునే ఎపాక్సీ జిగురు వేరే ఉంటుందట. మరునాడు సాయిబే బస్సులో కర్నూలు పోయి రెండు ట్యూబులు తెచ్చాడు. ఈసారి మా ఆయన ఒక్కటీ మర్చిపోకుండా చెప్పాడు. గిన్నెను థిన్నరుతో కడిగించాడు. పగులు చుట్టూ గరుకు కాగితంతో రుద్దించాడు.

"మెరుపు పోయేదాకా రుద్దు. నున్నగుంటే పట్టదు."

మళ్లీ కడిగి ఎండలో ఆరబెట్టాను.

"ఇంగ యాడా వేలు తగలనీయొద్దు. చేతి జిడ్డు రవ్వంత ఉన్నా ఊడొస్తాది."

రెండు ట్యూబుల నుంచీ సమానంగా పిండి, నాపరాతి ముక్క మీద అగ్గిపుల్లతో రంగు ఒకటయ్యేదాకా కలిపాను. బయట మందంగా, లోపల పలచగా పూయమన్నాడు. లోపల ఎక్కువైతే పెట్రోలు మీద తేలే బుడ్డకు తగులుతుందట. పక్కనున్న సన్న రంధ్రం పూడిపోతే బండి నడవదట. ఆ రంధ్రం దగ్గరికి వచ్చేసరికి నేను ఊపిరి బిగబట్టాను. ఆయన కూడా ముందుకు వంగాడు. అగ్గిపుల్ల దాన్ని దాటాక "శానా బాగొచ్చింది," అన్నాడు మెల్లగా.

మరునాడు నేను పని నుంచి వచ్చేసరికి ఆయన మంచం మీద లేడు. కిటికీ దగ్గర నిలబడి గిన్నెనే చూస్తున్నాడు.

"గట్టిపడిందా?" అన్నాను.

"పడింది. అయినా ఇంగో రోజు ఉండనీ."

ఆ తర్వాతి రోజు పొద్దున్నే పెట్రోలు పోసి, పేపరు మీద పెట్టాను. పనికి బయల్దేరే ముందు చూస్తే పేపరు పొడిగా ఉంది. ఆయన ఎడమచేత్తో పేపరును తడిమి, నాకు అందించాడు. "నువ్వు గూడ చూడు," అన్నాడు.

సాయిబు మోపెడ్ ఇప్పటికీ తిరుగుతోంది. ఆయన ఊరూరా చెప్పడంతో నందికొట్కూరు నుంచి కూడా పాత బండ్లవాళ్లు కార్బొరేటర్లు సంచిలో వేసుకుని వస్తున్నారు. మధ్యాహ్నాలు నేను ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు మా ఆయన వాటిని ఒంటిచేత్తో బ్రష్షుతో తోమి, వరసగా పేర్చి ఉంచుతాడు. సెలవు రోజున ఇద్దరం ముందువైపు అరుగు మీద కూర్చుంటాం. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు గిన్నె జారిపోతుంటే, ఆయన ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి దాని మీద పెడతాడు. ఆ బరువుకు గిన్నె కదలదు. నేను రుద్దుతాను.